బొక్క దొరికితే ముందే పేరు పెట్టకండి

మా సిరోంచ వైపు ఎముకను బొక్క అంటాం. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో మాది చిట్టచివరి తాలూకా. గోదావరి దాటితే కాళేశ్వరం, అంటే తెలంగాణ. బడిలో మరాఠీ, ఇంట్లో తెలుగు. ఈ తాలూకాలో నేను ఇరవై తొమ్మిదేళ్ళు పశుధన్ పర్యవేక్షక్‌గా పని చేశాను. పశువులకు సూదులు వేయడం, కష్టమైన కాన్పులకు వెళ్ళడం, చచ్చిన పశువును చూసి కారణం రాయడం నా పని. ఆ పనివల్ల బొక్కలు తెలిసినవాడినని పేరొచ్చింది. రిటైరయ్యాక కూడా మిరప చేలో, ఒర్రెలో (చిన్న వాగులో) ఏది బయటపడ్డా జనం గోనెసంచిలో వేసుకుని మా ఇంటికి తెస్తారు. సంచి కింద పెట్టకముందే పేరు చెప్పేస్తారు. "సార్, రాకాసి బొక్క." "సార్, డైనోసార్ గుడ్డు." "సార్, మనిషి చెయ్యి!"

అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. ఒకసారి పేరు పెట్టాక కళ్ళు ఆ పేరుకు తగ్గవే చూస్తాయి, తగనివి వదిలేస్తాయి. నేను నేర్చుకున్న వరస వేరు. ముందు ఎక్కడ దొరికింది, తర్వాత దేనితోపాటు దొరికింది, ఆ తర్వాత ఎలా ఉంది. పేరు అన్నిటికన్నా చివర.

ఈ వరస నాకు ఊరికే రాలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక వానాకాలం చివర, ఒర్రె గట్టున ఎర్రమట్టిలోంచి బొక్క కొస కనపడింది. బర్రె తొడ బొక్క కన్నా లావు. సంతోషం పట్టలేక రెండు చేతులతో పీకాను. మూడు ముక్కలైంది. ఇంటికి తెచ్చి, మట్టి వదలాలని బకెట్లో నానబెట్టాను. తెల్లారేసరికి సగం పొరలుపొరలుగా విడిపోయి, బకెట్ అడుగున ఎర్రటి బురద మిగిలింది. రెండేళ్ళ తర్వాత భూగర్భశాస్త్రం చదువుతున్న పిల్లలు మా ఊరొస్తే మిగిలిన ముక్క చూపించాను. వాళ్ళడిగిన మొదటి ప్రశ్న: "ఏ పొరలోంచి వచ్చింది?" చెప్పలేకపోయాను. వాళ్ళను గట్టు దగ్గరికి తీసుకెళితే, రెండు వరదలకు ఆ గట్టే లేదు. ఆ ముక్క ఇంకా నా బీరువాలో ఉంది. దానికి పేరు లేదు, ఇక రాదు కూడా. ఎక్కడిదో తెలియని బొక్కతో ఎవరూ ఏమీ చేయలేరు.

మా నేల ఎలాంటిదో కాస్త చెప్పాలి, లేకపోతే ఈ జాగ్రత్తంతా ఎందుకో అర్థం కాదు. సిరోంచ దగ్గర ప్రాణహిత ఒడ్డున కోట అనే ఊరుంది. అక్కడి సున్నపురాయి పలకల్లో చేపలు రాయిలో అచ్చుపడి ఉంటాయి. 1850ల నాటికే తెల్లవాళ్ళు వాటి గురించి రాశారు. ఆ రాతి పొరలకు కోట పేరే పెట్టారు. వాటి వయసు సుమారు 18 కోట్ల ఏళ్ళు. 1958, 1961 మధ్య మా తాలూకాలోని పోచంపల్లి దగ్గర కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు సుమారు మూడు వందల బొక్కలు తవ్వి తీశారు. కనీసం ఆరు జంతువులవి, పక్కనే రాయిగా మారిన చెట్ల మొద్దులు. ఒక్క తొడ బొక్కే అయిదున్నర అడుగులు! ఆ డైనోసార్‌ను బెంగాలీలో పెద్ద కాలు అనే అర్థంతో బారాపాసారస్ అన్నారు. అది రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి కాలం కాబట్టి పేరు చివర ఠాగూరును చేర్చారు. తవ్వకం దగ్గర ముద్దుపేరు పెట్టుకోవడం వేరు, శాస్త్రం ఒప్పుకునేలా పేరు ప్రకటించడం వేరు. ఆ ప్రకటన 1975లో వచ్చింది. పద్నాలుగేళ్ళు శుభ్రం చేసి, అతికి, వేరే జంతువులతో పోల్చి చూశాక. అన్ని బొక్కల్లో తలకాయ దొరకలేదు, కొన్ని పళ్ళు మాత్రమే దొరికాయి. తల దొరకలేదనే రాశారు. ఉన్నది రాసి, లేనిది లేదనడం నాకు వాళ్ళ దగ్గర చాలా నచ్చిన విషయం. ఆ అస్థిపంజరం ఇప్పుడు కలకత్తాలో నిలబడి ఉంది. నది అవతల యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటసారస్ అనే డైనోసార్‌ను చూడాలంటే హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంకు వెళ్ళండి. పిల్లలను తప్పకుండా తీసుకెళ్ళండి.

చేయి పెట్టకముందు

ముందు వాసన చూడండి, దూరం నుంచే. మాంసం, కొవ్వు జిగట, వెంట్రుకలు, పురుగులు ఏవి ఉన్నా అది పాతది కాదు. అప్పుడు మీరు చేయాల్సిన పని చాలా తక్కువ.

పశువు కళేబరమై, ముక్కులోంచీ మలద్వారంలోంచీ గడ్డకట్టని నల్లటి నెత్తురు కారి ఉంటే వెనక్కి రండి. అది దొమ్మ రోగం కావచ్చు, ఆంత్రాక్స్ అంటారు. కోయకండి, తోలు తీయకండి, కుక్కలను రానివ్వకండి. ఆ రోగం విత్తనాలు మట్టిలో దశాబ్దాలు బతుకుతాయి, మనిషికీ అంటుకుంటాయి. పశువుల దవాఖానకు ఫోన్ చేయండి. దొమ్మతో చచ్చిన పశువును పూడ్చిన చోటు మా ముసలివాళ్ళకు గుర్తుండేది, అక్కడ మేపనిచ్చేవాళ్ళు కాదు. ఈ తరానికి ఆ చోట్లు తెలియవు. అందుకే పాత పాతర తవ్వుతుంటే బొక్కలు పడినా చేతులకు ప్లాస్టిక్ కవరైనా చుట్టుకోమంటాను.

మనిషిదేమో అని అనుమానం వస్తే పోలీస్ పాటిల్‌కు (పోలీసులకు కబురు చేర్చే ఊరి అధికారికి) చెప్పండి, లేదా 112కు ఫోన్ చేయండి. కదపకండి, ఫోటోలు గ్రూపుల్లో పంచకండి. ఎవరింటి మనిషో మనకు తెలియదు. మా అడవుల్లో మనిషి చెయ్యి అని తెచ్చేవి చాలావరకు గుడ్డెలుగు పాదాలు. తోలూ గోళ్ళూ పోయిన ఎలుగు పాదం మనిషి చేతిలాగే, పాదంలాగే ఉంటుంది. నేనే ఒకసారి చూసి గుండె పట్టుకున్నాను. కానీ అది ఎలుగుదో కాదో తేల్చాల్సింది నేనూ కాదు, మీరూ కాదు.

అలుగు (పాంగోలిన్) పొలుసులు, దుప్పి కొమ్ములు, పులి గోళ్ళు దొరికితే ఇంట్లో పెట్టుకోవద్దు. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం కింద అది నేరం. అలుగు పొలుసును డైనోసార్ చర్మమని ఒకాయన పూజ గూట్లో పెట్టుకున్నాడు. ఎంత చెప్పినా వినలేదు. చివరికి ఆయన కోడలు ఫారెస్ట్ గార్డుకు అప్పజెప్పింది.

ఫోటో, గుర్తు, మట్టి

ఇక్కడ తొందరపడకండి, ఎక్కువ లాభం ఇక్కడే. వస్తువు ఉన్నచోటే ఉండగా నాలుగు ఫోటోలు తీయండి. మొదటిది పది అడుగుల వెనక్కి జరిగి, చుట్టూ గట్టు, చెట్టు కనపడేలా. రెండోది నెత్తిమీది నుంచి. మూడోది పక్కనుంచి, నేలకు ఆనుకుని. నాలుగోది విరిగిన కొస దగ్గరగా. ప్రతి దాంట్లో పది రూపాయల బిళ్ళ పక్కన పెట్టండి. దాని అడ్డం 27 మిల్లీమీటర్లు, దేశమంతా ఒకటే, కాబట్టి నాగపూర్‌లో ఫోటో చూసే శాస్త్రవేత్తలకు సైజు వెంటనే అర్థమవుతుంది. చెయ్యి పక్కన పెట్టి తీస్తే లాభం లేదు, ఎవరి చెయ్యి ఎంతుంటుందో వాళ్ళకెలా తెలుస్తుంది? మిట్టమధ్యాహ్నం తీయకండి. పొద్దున ఏటవాలు ఎండలో గీతలు, గుంటలు బాగా పడతాయి.

ఫోన్ మ్యాప్‌లో ఆ చోటును సేవ్ చేయండి. తర్వాత కాగితం మీద, పెన్నుతో, రాయండి: తేదీ, ఊరు, ఒర్రె పేరు, గట్టు పైనుంచి ఎన్ని అడుగుల కింద, ఏ మట్టిలో. ఎర్రమట్టా, ఇసుకరాయా, మొరమా, సున్నపు పలకా? మట్టిలో పాతుకుని ఉందా, పైన వదులుగా పడి ఉందా? 2022 జులై వరదలో ప్రాణహిత, గోదావరి ఎక్కడెక్కడి వస్తువులో తెచ్చి మా చేలల్లో పడేశాయి. వదులుగా పడి ఉన్నది నది తెచ్చింది కావచ్చు, పొరలో పాతుకున్నది ఆ పొరదే. ఈ ఒక్క తేడా రాస్తే సగం పని అయిపోయినట్టే.

పక్కన ఏముందో చూడండి. నల్ల, ఎరుపు రంగుల కుండ పెంకులు, ఇనుప ముక్కలు, చుట్టూ పెద్ద రాళ్ళ వలయం ఉంటే అది పాతకాలపు సమాధి కావచ్చు. మనవాళ్ళు రాకాసి గుళ్ళు అనే కోవ. అది పురావస్తు శాఖ పని, తలాఠీకి (ఊరి రెవెన్యూ ఉద్యోగికి) చెప్పండి. నాణేలు, నగలు అయితే 1878 నాటి నిధుల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి. చేప పొలుసులు, గవ్వలు, చెట్టు మొద్దులు పక్కన ఉంటే కథ ఇంకా పాతది.

బొక్కా, రాయా, కట్టా

విరిగిన కొసను చూడండి, భూతద్దం ఉంటే ఇంకా మంచిది. బొక్కకు బయట గట్టి పెంకు, లోపల స్పంజిలా సన్నటి గదులు ఉంటాయి. రాయిగా మారినా ఆ గదులు పోవు, వాటిలో ఖనిజం నిండి ఉంటుంది. చేత పట్టుకుంటే సైజుకు మించిన బరువు. గోటితో కొడితే పాత బొక్క డొల్లగా పలుకుతుంది, రాయైన బొక్క పింగాణీలా పలుకుతుంది.

లోపల గదులు లేకుండా, ఒకే దిక్కుకు పోయే సన్నటి ఈనెలు, అక్కడక్కడ ముడులు ఉంటే అది కట్టె. రాయైన కట్టె మా దగ్గర చాలా ఉంది. మా నాయన కాలంలో బావి గట్టున బట్టలుతికే బండ కూడా అదే. ఇప్పుడు వడధం ఫాసిల్ పార్కులో (రాయిగా మారిన పాత జీవుల గుర్తును ఫాసిల్ అంటారు) అలాంటి మొద్దులు చూడొచ్చు. ఒకసారి చూసొస్తే జన్మలో బొక్కకూ కట్టెకూ పొరబడరు.

నాలుకకు ఆనించి, అంటుకుంటే ఫాసిల్ అని వీడియోల్లో చూపిస్తున్నారు. చేయకండి. ఎండిన మామూలు బొక్క కూడా అంటుకుంటుంది, సుద్దమట్టీ అంటుకుంటుంది. దొమ్మ గురించి పైన చెప్పాను. నిమ్మరసం, యాసిడ్ పోసి నురగ చూడటం కూడా వద్దు. కోట పలకలు సున్నపురాయి కాబట్టి యాసిడ్ చేపను కూడా తినేస్తుంది.

గుడ్ల గురించి అడిగేవాళ్ళు ఎక్కువ. వాగుల్లో గుండ్రంగా, నున్నగా దొరికే రాళ్ళు దాదాపు అన్నీ నీళ్ళలో దొర్లి అరిగినవో, ఖనిజం పొరలుపొరలుగా పేరుకుని గుండ్రమైనవో. అలాంటిది పగిలిన చోట ఉల్లిగడ్డలా పొరలు కనపడతాయి, లేదా లోపలంతా ఒకటే రాయి. నిజం గుడ్డుకు చుట్టూ సన్నటి పెంకు వేరుగా తెలుస్తుంది, పెంకు మీద సూదిమొన అంత రంధ్రాలుంటాయి. అయినా చూడటానికని పగలగొట్టకండి. సున్నపు పలక మీద నల్లటి ఫెర్న్ ఆకులాంటి బొమ్మ కనపడితే అది చాలాసార్లు ఆకు కాదు, పగుళ్ళలోకి మాంగనీసు పాకిన గుర్తు. అందంగా ఉంటుంది, ఉంచుకోండి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది పేడ. నవ్వుకోవద్దు, పశువు ఆరోగ్యం పేడలోనే తెలుస్తుంది, ఇరవై తొమ్మిదేళ్ళు అదే చూశాను. పక్క జిల్లా చంద్రపూర్‌లో, వరోరా దగ్గర పిస్దూరాలో, రాయిగా మారిన పేడ ఉండలు దొరుకుతాయి. వాటి వయసు సుమారు 7 కోట్ల ఏళ్ళు. లక్నో బీర్బల్ సాహ్ని సంస్థ శాస్త్రవేత్తలు, మరికొందరు వాటిని పరీక్షించి, లోపల గడ్డి కణాల గుర్తులు ఉన్నాయని 2005లో ప్రకటించారు. అప్పటిదాకా డైనోసార్ల కాలంలో గడ్డి ఉండేదని ఎవరూ గట్టిగా అనలేదు. ఎవరో కాలితో తన్నేసే ఉండ అది. కాబట్టి ఒక కొస సన్నగా, మెలిక తిరిగినట్టున్న గట్టి ఉండలు కనపడితే వాటికీ ఫోటో తీయండి.

పళ్ళు దొరికితే

పన్ను దొరకడం అదృష్టం, ఏం తినే జంతువో అదే చెబుతుంది. ఆవు, బర్రె, మేక, దుప్పి నమలు పళ్ళ మీద నెలవంకల్లాంటి గీతలుంటాయి. ఆ జాతికి పై దవడలో ముందు పళ్ళు ఉండవు. అందుకే ముందు పళ్ళు లేని తలను చూసి ముసలి మనిషిదనో దయ్యానిదనో భయపడతారు. కుక్క, చిరుతలకు కత్తెరలా ఒరుసుకునే పళ్ళు. మొసలికి అన్నీ మొనదేలినవే, నమిలేవి ఉండవు. కోట చేపలకు పళ్ళకన్నా పొలుసులే గుర్తు: చతురస్రాన్ని పక్కకు వంచినట్టు, మందంగా, నల్లగా, ఇప్పుడే వార్నిష్ పూసినట్టు మెరుస్తాయి.

పంది దగ్గర జాగ్రత్త. దాని నమలు పళ్ళు మనిషివాటిలా బొడిపెలుగా ఉంటాయి. అమెరికాలో నెబ్రాస్కాలో దొరికిన ఒక్క పంటిని చూసి 1922లో ఓ పెద్ద శాస్త్రవేత్త అది మనిషిలాంటి వానరానిదని ప్రకటించాడు. మళ్ళీ అక్కడ వెతికితే అది పెక్కరీ అనే పందిలాంటి జంతువుదని తేలింది, 1927లో వెనక్కి తీసుకున్నారు. అంతటివాళ్ళే ఒక్క పంటితో పొరబడ్డారు. మా మేనల్లుడు అడవిపంది దవడ తెచ్చి "మామా, ఆదిమానవుడు" అన్నప్పుడు వాణ్ణి నేను కోప్పడలేదు.

చిన్నవాటిని చిన్నచూపు చూడకండి. కోట పొరల మట్టిలోంచి వచ్చిన చిన్న పంటితోనే డైనోసార్ల కాలపు పాలిచ్చే జంతువు ఒకటి మన దేశంలో ఉండేదని తెలిసింది. దానికి కోటాథీరియం అని పేరు. మా వైపు ఊరి పేరు ప్రపంచమంతా పలికేలా చేసింది చిన్న పన్ను.

నది ఇసుకలో గుంటలు గుంటలుగా, పురుగు తిన్నట్టున్న పలక దొరికితే అది మెత్తచిప్ప తాబేలుది కావచ్చు. గరుకైన, ముళ్ళు పొడిచిన తలపలకలు జెల్ల చేపవి కావచ్చు. మా పిల్లలు నాగుపాము రాజు తల అని తెచ్చేది ఎక్కువగా ఇదే.

వింత జంతువు అన్నప్పుడు

వింత దూడ పుట్టిందని నన్ను పిలిచినప్పుడల్లా నేను వెళ్ళేసరికే అక్కడ కుంకుమ, చిల్లర పైసలు ఉండేవి. రెండు తలలు, ఒక్క కన్ను, పేగులు బయటికి వచ్చి వెన్ను వెనక్కి వంగిన దూడ, ఇవన్నీ కడుపులో పిండం ఎదిగేటప్పుడు వచ్చిన లోపాలు. రెండు తలల దూడ అంటే కవలలు పూర్తిగా విడిపోకపోవడం. ఇంటివాళ్ళకు శాపం కాదు, ఎవరి చూపూ కాదు. ఆ తల్లి పశువుకు లోపల గాయమైందేమో చూడటమే ముందు చేయాల్సింది. జనం దూడ చుట్టూ మూగి తల్లిని మరిచిపోతారు, నాకు అదే బాధ.

నీళ్ళలో తేలిన కళేబరం ఇంకా మోసం చేస్తుంది. నాలుగు రోజులకు వెంట్రుకలు ఊడి, చర్మం పాలిపోయి, పెదవులు ముడుచుకుని పళ్ళు బయటపడి, మామూలు కుక్కే ఎవరూ చూడని జంతువైపోతుంది. 1977లో న్యూజిలాండ్ దగ్గర జపాన్ పడవ వలలో పొడవు మెడ, చిన్న తల ఉన్న కుళ్ళిన శవం పడింది. సముద్రపు డైనోసార్ అని ప్రపంచమంతా గోలైంది. కుళ్ళు భరించలేక దాన్ని సముద్రంలో వదిలేశారు. అయితే వదిలేముందు ఒకాయన ఫోటోలు తీసి, కొలతలు రాసి, రెక్కలోంచి కొన్ని పోగులు తీసి దాచాడు. ఆ పోగులను పరీక్షిస్తే సొరచేప జాతి అని తేలింది. బాస్కింగ్ షార్క్ కుళ్ళితే దవడలు, మొప్పలు ముందు ఊడిపోతాయి, మిగిలింది సన్నటి మెడలా కనపడుతుంది.

బతికున్నదైతే ముట్టుకోకండి, మూగకండి. 2017లో విశాఖలో ఏలియన్లు అని వీడియో తిరిగింది గుర్తుందా? అవి ఈకలు రాని బార్న్ ఔల్ అనే గుడ్లగూబ పిల్లలు.

అన్నీ తెలిసినవే అవుతాయని నేననడం లేదు. 1938లో దక్షిణాఫ్రికాలో ఒక చిన్న మ్యూజియంలో పనిచేసే మార్జొరీ కోర్టినే-లాటిమర్‌కు పడవ చేపల కుప్పలో నీలిరంగు చేప కనపడింది. అదేమిటో ఆమెకు తెలియలేదు. పేరు పెట్టలేదు, పారేయనూ లేదు. బొమ్మ గీసి, వివరాలు రాసి తెలిసిన ప్రొఫెసరుకు ఉత్తరం పంపింది. కోట్ల ఏళ్ళ కిందటే అంతరించిందనుకున్న సీలకాంత్ అది. చల్లగా దాచే వీలు లేక లోపలి భాగాలు పోయాయి, అయినా ఆ బొమ్మ చాలింది.

ఎవరికి చెప్పాలి

రాయైన బొక్క, చేప, కట్టె అయితే జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా. మా వైపు వాళ్ళకు నాగపూర్ ఆఫీసు, నది అవతలి వాళ్ళకు హైదరాబాద్ ఆఫీసు. అడవి జంతువుది అనుకుంటే బీట్ గార్డు. వెంట్రుక, ఎండిన మాంసం ముక్క నుంచి కూడా హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన అత్తాపూర్ లాకోన్స్ ల్యాబ్‌లో డీఎన్ఏతో జాతి తేలుస్తారు. అయితే అది అటవీ శాఖ ద్వారా వెళ్ళాలి, మీరు పోస్టులో పంపకండి. రాసేటప్పుడు "డైనోసార్ దొరికింది" అని రాయకండి. "ఫలానా చోట, ఫలానా పొరలో, ఇంత పొడవైనది కనపడింది, ఫోటోలు జత చేశాను" అని రాయండి. జవాబు ఆలస్యమైతే నెల తర్వాత మళ్ళీ రాయండి.

వాళ్ళొచ్చేదాకా కాపాడటం మీ వంతు. తవ్వకండి, కడగకండి, ఫెవికాల్ పూయకండి. బయటపడిన భాగం మీద పాత చీర ముక్క పరిచి, దాని మీద అదే మట్టిని జానెడు మందం కప్పండి. మీద తుమ్మకంప వేయండి, పశువులు తొక్కవు. గట్టు కూలేలా ఉంటే, వరద ముంచుకొస్తుంటే మాత్రమే తీయండి. అప్పుడు కూడా చుట్టూ మట్టితో సహా గడ్డలాగా తీసి, గుడ్డ చుట్టి, తట్టలో పెట్టి మోయండి. ముక్కలు పడితే ఏ ముక్క ఎటువైపుదో విడివిడి కవర్లలో రాసి పెట్టండి.

పోయిన వానాకాలం అంకీసా వైపు నుంచి తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె వాళ్ళ నాయనతో వచ్చింది. చేతిలో సంచి లేదు. ఫోన్లో నాలుగు ఫోటోలు, నోటుబుక్కులో అర పేజీ రాత. తేదీ, ఒర్రె పేరు, గట్టు పైనుంచి ఆరడుగుల కింద, ఎర్రమట్టిలో పాతుకుని ఉంది, పక్కన మెరిసే పొలుసు ఒకటి. ఏమిటది అనే చోట ఖాళీ వదిలింది. ఆ పేజీని అలాగే నాగపూర్‌కు పంపాం. ఆ చోట కంప ఇంకా అలాగే ఉందని వాళ్ళ నాయన వారానికోసారి చూసొచ్చి నాకు ఫోన్ చేస్తాడు.